టీచర్స్ డేకి వెయ్యి కట్టాలా? బాబు చేత మాట్లాడించిన మిస్‌కి ఏమివ్వాలి?

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సొంతూరు మదనపల్లె దగ్గర. భర్త ఉద్యోగం కోసం పోయిన సంవత్సరం ఇక్కడికి వచ్చి, బాబును ఒకటో తరగతిలో చేర్చారు. వాడు నాలుగు నెలలు బళ్లో నోరు తెరవలేదు. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, పక్కన కూర్చునే పిల్లలు కన్నడమో హిందీనో. దాహమైనా అడగడు, బాత్రూముకైనా అడగడు. నిక్కరు తడుపుకొని ఇంటికొచ్చిన రోజులూ ఉన్నాయి, బళ్లోనే ఆయమ్మ మార్చిన రోజులూ ఉన్నాయి. క్లాస్ మిస్ కన్నడిగురాలు. ఆమె రెండు అట్టముక్కలు కత్తిరించి, నీలంది నీళ్లకు, పసుపుది బాత్రూముకు అని చెప్పి వాడి బల్ల మీద పెట్టారు. మాట్లాడక్కర్లేదు, అట్ట ఎత్తి చూపిస్తే చాలు. గేటు దగ్గర ఈ తల్లినే అడిగి ‘నీళ్లు కావాలా’, ‘భయం లేదు’, ‘నువ్వు చెప్పు’ అనే మూడు తెలుగు మాటలు నేర్చుకుని వాడితో అనేవారు. సంక్రాంతి సెలవుల తర్వాత వాడు క్లాసు ముందు నిలబడి రైమ్ చెప్పాడు.

ఇప్పుడు వాడు రెండో తరగతి. టీచరు మారారు. సెప్టెంబరు 5కి ఈ ఏడాది క్లాస్ మిస్‌కి వెండి దీపాల జత, గిఫ్ట్ కార్డు ఇవ్వాలని తల్లుల వాట్సాప్ గ్రూపులో పిల్లాడికి 1,000 రూపాయలు అడుగుతున్నారు. 34 మంది పిల్లలు. కట్టినవాళ్ల పేరు పక్కన పచ్చ టిక్కు పడుతోంది. స్కూలు డైరీలోనేమో ‘టీచర్లకు ఖరీదైన బహుమతులు వద్దు, కార్డో పువ్వో చాలు’ అని అచ్చువేశారు. ‘కట్టేయ్, నలుగురిలో పరువు పోతుంది’ అంటారు భర్త. ‘మనవడికి మాట తెప్పించిన తల్లికి చీర పెట్టాల్సిందే’ అని అత్తగారు బీరువాలోంచి పట్టుచీర తీసి పెట్టారు. ఉత్తరం రాసిన ఈ తల్లి దగ్గర అన్నిటికీ కలిపి ఉన్నది 700. పాత మిస్‌కి ఏమివ్వాలి, గ్రూపుకు ఏం చెప్పాలి, ఆయమ్మకూ వ్యానన్నకూ ఏమన్నా ఇవ్వాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీరు రాసింది చదివితే ఒకటి స్పష్టంగా కనిపిస్తోందమ్మా. మీ మనసులో ఉన్న కృతజ్ఞత అంతా పోయినేటి మిస్ మీద. మీ మీద పడుతున్న ఒత్తిడి అంతా ఈ ఏటి మిస్ పేరు మీద. రెండూ ఒకే తేదీకి రావడంతో ఒకదాని డబ్బు ఇంకొకదానికి పోయేలా ఉంది. వీటిని విడదీయండి. ముందు గ్రూపు సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అది తేలేదాకా రెండోదాని మీదికి మనసు పోదు.

గ్రూపు విషయంలో మీ ముందు మూడు దార్లున్నాయి. వెయ్యీ కట్టేస్తే ఈ వారం ప్రశాంతంగా గడుస్తుంది. కానీ మీ దగ్గరున్న 700 పోగా ఇంకో 300 అప్పు పడుతుంది, పాత మిస్‌కి ఏమీ మిగలదు. పైగా ఈసారి వెయ్యి అందరూ కట్టారంటే దీపావళికీ, మిస్ పుట్టినరోజుకూ, ఏడాది చివరకూ అదే లెక్క వస్తుంది. ఏమీ చెప్పకుండా ఊరుకోవడం రెండో దారి. అందులో మీకు రోజూ నలుగుడే. ఆ టిక్కుల జాబితా ప్రతి సాయంత్రం మళ్లీ వస్తుంది, ఖాళీగా ఉన్న పేర్లు తగ్గేకొద్దీ మీది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చివరికి నాలుగో తేదీ రాత్రి ఎవరి దగ్గరో తెచ్చి పంపేస్తారు. మూడోది, మీకు వీలైన మొత్తం ఇంతని ముందే చెప్పి పంపడం. నేనైతే దీనివైపే మొగ్గుతాను, కానీ చెప్పే పద్ధతి మీద చాలా ఆధారపడి ఉంటుంది.

గ్రూపులో రాయకండి. అక్కడ రాస్తే డబ్బు పోగుచేస్తున్న ఆమెను పదిమందిలో నిలదీసినట్టవుతుంది, ఆమె తన మాట నెగ్గించుకోవాలనే చూస్తుంది. ఆమెకు విడిగా పంపండి. ఇలా రాయొచ్చు: ‘నమస్తే అండీ. మిస్‌కి అందరం కలిసి ఇవ్వాలన్న ఆలోచన బాగుంది. మా వంతు 100 పంపుతున్నాను, ఈసారి ఇంతే వీలవుతుంది. కార్డు మీద మాత్రం పిల్లలందరి పేర్లూ ఉండేలా చూడండి. డైరీలో ఖరీదైనవి వద్దని ఉంది కదా, మిస్‌కి ఇబ్బంది రాకుండా ఆఫీసులో ఒక మాట కనుక్కుంటే మంచిది. పిల్లల మాటలతో ఒక పుస్తకం చేద్దామంటే ఆ పని నేను చూసుకుంటాను.’ ఇంతే. ఇంటి ఖర్చులు, అద్దె, ఈఎమ్ఐ ఏవీ అందులోకి తేవద్దు. కారణం చెబితే ఆ కారణం మీద చర్చ మొదలవుతుంది. ‘పోనీ 500 ఇవ్వండి’ అన్న బేరం వచ్చేది కూడా అక్కడి నుంచే.

డైరీలోని ఆ వాక్యం మిమ్మల్ని తప్పించడానికి దొరికిన సాకు కాదు, నిజంగా పట్టించుకోవలసిన విషయం. 34,000 ఖరీదు చేసే బహుమతిని 34 ఇళ్లవాళ్లు ఫొటోలు తీసి స్టేటస్‌లో పెడతారు. ఏ ఒక్కరు యాజమాన్యానికి ఫిర్యాదు చేసినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆ టీచరే, తల్లులు కాదు. గిఫ్ట్ కార్డు దాదాపు నగదుతో సమానం, అది ఇంకా ఇబ్బంది. కేంద్రీయ విద్యాలయాల్లో పనిచేసేవారికైతే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నడవడిక నియమాలే వర్తిస్తాయి, వాటిలో బహుమతుల మీద కట్టడి ఉంది. ప్రైవేటు బళ్లో యాజమాన్యం పెట్టుకున్న నియమమే చట్టం. మీ డైరీలో అది అచ్చులోనే ఉంది.

పిల్లల మాటల పుస్తకం అన్నాను కదా, ఒప్పుకుంటే ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే సరిగ్గా చేయకపోతే పాడయ్యేది చిన్న విషయాల దగ్గరే. ఏ4 కాగితం సగానికి కోస్తే ఒక పిల్లాడికి సరిపోతుంది. 34 మందికి 17 కాగితాలు, చెడిపోయేవాటికి ఇంకో 4. జిరాక్స్ కాగితం పల్చన, స్కెచ్‌పెన్ను రంగు వెనక్కి దిగుతుంది. కాస్త మందంగా ఉండే 100 జీఎస్ఎం కాగితం అడిగి తీసుకోండి, ఒకవైపే రాయించండి. ఎడమవైపు అంగుళం వదిలి మీరే పెన్సిలుతో గీత గీసి పంపండి. లేకపోతే స్పైరల్ వేసేటప్పుడు పిల్లల పేర్ల మొదటి అక్షరాలు రంధ్రాల్లో పోతాయి. ‘హ్యాపీ టీచర్స్ డే’ అని రాయమంటే 34 కాగితాల్లోనూ అదే ఉంటుంది. ‘మిస్ చేసినవాటిలో నీకు బాగా నచ్చింది ఏది?’ అని ఒక్క ప్రశ్న పై అంచున రాసివ్వండి. రెండో తరగతి పిల్లలు దీనికి పెద్దవాళ్లకు తట్టని జవాబులు రాస్తారు. వారం ముందు పంచి, రెండో తేదీకల్లా వెనక్కి అడగండి. నలుగురైదుగురు ఆలస్యంగా తెస్తారు. స్పైరల్ వేశాక కొత్త పేజీ దూర్చడం కష్టం కాబట్టి, అనుమానంగా ఉంటే రెండు రంధ్రాలు పొడిచి రిబ్బను కట్టేయండి. కాగితాలూ బైండింగూ కలిపి 150 దాటదు. తలా 100 వేసుకున్నా 3,400 అవుతుంది, పుస్తకంతో పాటు మంచి నీళ్ల ఫ్లాస్కో, చేతిసంచో కొన్నా ఇంకా మిగులుతుంది.

ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు. మీ 100 పంపి, పేర్ల సంగతి మాత్రం గట్టిగా అడగండి. ఎవరెంత కట్టారన్న జాబితా టీచరు కంట పడకూడదు, కార్డు మీద పేర్లు 34 ఉండాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, అది మీ బిడ్డ విషయం. ‘టిక్కు లేకపోతే బాబును వేరుగా చూస్తారేమో’ అని భయపడ్డారు. ఆ రోజు టీచరు ముందు కార్డులూ పూలూ కుప్పపడతాయి. ఎవరింటి నుంచి ఏది వచ్చిందో లెక్క పెట్టుకునే తీరిక ఆమెకు ఉండదు. నిజంగానే అలా తేడా చూసే మనిషి ఎదురైతే దానికి వెయ్యి రూపాయలు మందు కాదు, స్కూల్లో మాట్లాడాల్సిన విషయం అది.

మీ ఆయన పరువు గురించి అన్నారు కాబట్టి ఇది చెప్పండి. మనం ఎవరి పుట్టినరోజును టీచర్స్ డేగా జరుపుకుంటున్నామో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో మైసూరు మహారాజా కాలేజీ వదిలి కలకత్తా వెళ్తుంటే, పూలు కట్టిన బండిని విద్యార్థులే రైల్వేస్టేషను దాకా లాగారు. నూరేళ్లు దాటినా ఆయన గురించి చెప్పేవాళ్లు ఆ బండి సంగతి తలచుకుంటూనే ఉన్నారు.

ఇక పాత మిస్ దగ్గరికి వద్దాం. మీకు ఇక్కడ ఒక మంచి వెసులుబాటు ఉంది, మీరు గమనించారో లేదో. ఆమె చేతిలో ఇప్పుడు మీ బాబు మార్కుల్లేవు. మీరు ఏమిచ్చినా, ఏదో ఆశించి ఇస్తున్నారని ఎవరూ అనలేరు. ఆమె కూడా ధైర్యంగా పుచ్చుకోగలరు. పైగా ఏ గ్రూపులోనూ ఆమె పేరు లేదు. పోయినేటి టీచర్లను సెప్టెంబరులో తలుచుకునే తల్లిదండ్రులు చాలా తక్కువ.

అన్నిటికన్నా ముందు ఉత్తరం రాయండి. ‘మీరు చాలా మంచి టీచర్’ అనే మాట ఆమె కార్డుల్లో ఎన్నోసార్లు చదివి ఉంటారు. మీరు నాకు రాసిన ఆ అట్టముక్కల సంగతి ఉంది చూశారా, అది రాయండి. వాడు ఎన్ని నెలలు మాట్లాడలేదు, ఏ అట్ట ఏ రంగు, మొదటిసారి ఎత్తిన రోజు ఇంటికొచ్చి ఏం చెప్పాడు, రైమ్ చెప్పిన రోజు మీ ఇంట్లో ఎలా ఉంది. ఆమెకు క్లాసులో జరిగింది మాత్రమే తెలుసు. సాయంత్రం మీ ఇంట్లో ఏం మారిందో మీరు చెబితే తప్ప తెలిసే దారి లేదు. ఒక పేజీ చాలు. ఆమెకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషులో మీకొచ్చిన చిన్న వాక్యాల్లోనే రాయండి. నెట్‌లో దొరికే గురువు మీద కవితలు వద్దు, తప్పుల్లేకుండా ఉండాలని ఇంకొకరితో రాయించవద్దు. బాబు చేత విడిగా ఒక కార్డు చేయించండి. నీలం అట్ట ఒకటి, పసుపు అట్ట ఒకటి, అరచేయంత. ఒకదాని మీద ‘థాంక్యూ మిస్’, రెండోదాని మీద కన్నడంలో ‘ధన్యవాదగళు’ అని వాడే రాయాలి. కన్నడ అక్షరాలు పక్కింటివాళ్లకు చూపించి సరిచూసుకోండి. వంకరగా రాసినా దిద్దకండి. ఏడేళ్ల పిల్లాడు పదిహేను నిమిషాలు కూర్చోగలడు, కాబట్టి రెండు అట్టలూ రెండు సాయంత్రాలు పెట్టుకోండి.

రెండో ఉత్తరం ప్రిన్సిపాల్‌కి. ఇది చాలామంది చేయరు, చేయాలి. తల్లిదండ్రుల నుంచి ప్రిన్సిపాల్ బల్ల మీదికి వెళ్లే కాగితాల్లో ఎక్కువ ఫిర్యాదులే. ప్రైవేటు బళ్లో జీతం పెంచేటప్పుడు, కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఒక టీచరు పేరు మీద మంచి మాట రాతపూర్వకంగా ఉండడం ఎంతో కొంత పనికొస్తుంది. టీచరు పేరు, ఏ సంవత్సరం, ఏ తరగతి, ఏ సెక్షన్, జరిగిన ఒక్క సంఘటన, దానివల్ల బాబులో వచ్చిన మార్పు, తేదీ, మీ పేరు. పదిలైన్లు మించకూడదు. అందులో ఏ కోరికా కోరవద్దు, ఈ ఏటి మిస్‌తో పోలిక అసలే వద్దు.

అయితే ఈ రెండో ఉత్తరంలో జాగ్రత్త కావాలి. మీ స్కూల్లో ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఉంటే, మిస్ వాడితో తెలుగులో మాట్లాడారని మీరు పొగుడుతూ రాసిందే ఆమెకు చిక్కు తేవచ్చు. ఆ మూడు తెలుగు మాటల సంగతి ఆమెకు రాసే ఉత్తరంలో ఉండనివ్వండి. ప్రిన్సిపాల్‌కి ‘బాబుకు అర్థమయ్యేలా ఓపిగ్గా చెప్పారు’ అంటే సరిపోతుంది. అలాగే నిక్కరు తడుపుకున్న సంగతి వద్దు. ఆ కాగితం ఫైల్లో ఉండిపోతుంది, మీ వాడు ఆ బళ్లో ఇంకా ఎన్నో ఏళ్లు చదవాలి. పంపేముందు ఆ ఉత్తరం మిస్‌కి ఒకసారి చూపించండి, తీసేయమన్నది తీసేయండి.

ఇక వస్తువు. చీర విషయం ముందు చెప్పేస్తాను. పట్టుచీర మీ డైరీ నియమాన్ని దాటుతుంది, అది ఒకటి. చీర పుచ్చుకున్న మనిషికి ఖర్చు కూడా పెడతాం, దీన్ని మనం ఆలోచించం. ఫాల్ వేయించాలి, లైనింగ్ జాకెట్టు కుట్టించాలంటే బెంగళూరులో చాలాచోట్ల 500 దాటుతుంది. కట్టుకోకపోతే మీరు బాధపడతారని ఒకసారి కట్టుకుని చూపించాలి. మీ ఇంటికి పేరంటానికి పిలిచి పెడితే వేరు, బడి గేటు దగ్గర చేతికిస్తే ఆమెకు భారమే. అత్తగారికి మాత్రం ‘వద్దు’ అని ఊరుకోకండి. ఆమెది నిజమైన ప్రేమ. ఆ ప్రేమకు ఒక పని అప్పగించండి. నిప్పట్లు, అంటే చెక్కలు, చేయమనండి. మదనపల్లెలోనూ నిప్పట్లే, కన్నడంలోనూ నిప్పట్టే, మిస్‌కి పరిచయం చేయక్కర్లేదు.

చేయడం అత్తగారికి నేర్పనక్కర్లేదు, పంపే దగ్గరే ఇబ్బంది వస్తుంది కాబట్టి చెబుతున్నాను. 2 గ్లాసుల బియ్యప్పిండికి పావు గ్లాసు పుట్నాల పొడి, పావు గ్లాసు పచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు, 2 పెద్ద చెంచాల నువ్వులు, 2 పెద్ద చెంచాల వేడినూనె, కారం, ఉప్పు, కరివేపాకు. కరివేపాకు తుడిచి వేయాలి, తడి ఉంటే తొందరగా మెత్తబడతాయి. పల్చగా ఒత్తి ఫోర్కుతో గుచ్చకపోతే పూరీలా పొంగి, మర్నాటికి సాగుతాయి. మధ్యస్థమైన మంట మీద నురగ తగ్గేదాకా వేగాలి. వేడిమీద డబ్బాలో పెడితే ఆవిరికి మూత లోపల చెమట పట్టి మొత్తం మెత్తబడిపోతాయి, గంటన్నర ఆరనివ్వండి. డబ్బా మీద ‘పల్లీలు, నువ్వులు ఉన్నాయి’ అని, చేసిన తేదీ రాసి అంటించండి. ఎవరికి ఏది పడదో మనకు తెలియదు. పాలకోవా, సున్నుండలు కూడా బాగానే ఉంటాయి గానీ కోవా స్టాఫ్‌రూములో ఎక్కువసేపు ఉంటే పాడవుతుంది, తీపి తినని వయసు టీచర్లు ఎక్కువ. డబ్బా తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేనిదై ఉండాలి, స్టీలు డబ్బా ఇస్తే కడిగి ఖాళీగా ఇవ్వలేక ఆమె అవస్థ పడతారు.

వస్తువే ఇవ్వాలనిపిస్తే 250 లోపు రెండు మంచి దార్లున్నాయి. ఒకటి, ఆమె ఇప్పటి ఒకటో తరగతికి కథల పుస్తకాలు. ప్రథమ్ బుక్స్ బెంగళూరు సంస్థే, కన్నడం, ఇంగ్లీషు, తెలుగు అన్నిట్లో పిల్లల పుస్తకాలు చవగ్గా వేస్తుంది, నేషనల్ బుక్ ట్రస్ట్ కూడా అంతే. మూడు పుస్తకాలు వస్తాయి. బొమ్మలు పెద్దవి, పేజీకి రెండు మూడు వాక్యాలే ఉన్నవి ఏరండి. మొదటి పేజీలో ‘మా మిస్‌కి కృతజ్ఞతతో’ అని బాబు పేరుతో చీటీ అంటించండి. క్లాసుకు ఇచ్చిన పుస్తకం కాబట్టి స్కూలు అభ్యంతరం పెట్టడం అరుదు, మీ వాడిలా నోరు తెరవని పిల్లాడు ఈ ఏడూ ఒకడు ఉంటాడు. రెండోది చన్నపట్నం లక్క వస్తువు. మైసూరు రోడ్డు మీద 60 కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ ఊరు, ఎంజీ రోడ్డులోని కావేరి ఎంపోరియంలోనూ దొరుకుతాయి. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే అక్కడా వాడతారు. తిరిగే కర్రకు లక్క ఆనించి, ఆ రాపిడి వేడికి రంగు పట్టిస్తారు, అందుకే మెరుపు సమంగా ఉంటుంది. కుంచె గీతలు కనిపించినా, పెయింటు వాసన వచ్చినా అది అసలుది కాదు. చిన్న బొంగరాలో, లెక్క నేర్పే రింగులో తీసుకోండి. ఎండలో పెట్టొద్దని, నీళ్లతో కడగొద్దని చెప్పండి.

ఫొటో అచ్చువేసిన కప్పు, ఫొటో ఫ్రేము వద్దు. వేరొకరికి ఇవ్వలేరు, పారేయలేరు, అలాంటివి ఆమె ఇంట్లో ఇప్పటికే అరనిండా ఉంటాయి. దేవుడి ప్రతిమలూ అంతే, పైగా అందరి నమ్మకాలూ ఒకటి కావు. పూలు ఒక్క గులాబీ చాలు. వినాయక చవితి దగ్గరపడితే పూలకు పెద్ద మార్కెట్ అయిన కేఆర్ మార్కెట్‌లోనే ధరలు పెరిగిపోతాయి, బొకే మీద 300 పెడితే మధ్యాహ్నానికే వాడిపోతుంది.

ఐదో తేదీన ఇవ్వకండి. ఆ రోజు కార్యక్రమాలు, హడావిడి, చేతినిండా సంచులతో ఆమె బస్సో మెట్రోనో ఎక్కాలి. రెండు రోజుల ముందో, ఆ తర్వాతి వారమో బడి వదిలే సమయానికి బాబునే ఇవ్వనివ్వండి. ఉత్తరం కవరులో ఉండాలి, అక్కడే తెరవమని అడగవద్దు. ‘అయ్యో ఇదెందుకు’ అని వెనక్కిస్తే బలవంతం చేయకుండా వస్తువు తీసుకొచ్చేయండి. ఉత్తరం మాత్రం వదిలి రండి.

ఆయమ్మకు తప్పకుండా ఇవ్వండి. తడిసిన నిక్కరు మార్చింది ఆవిడే కదా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. ఆమెకు వస్తువు కన్నా డబ్బు పనికొస్తుంది. 200 కవరులో పెట్టి, కొన్ని నిప్పట్లతో పాటు గేటు బయట ఇవ్వండి. లోపల డబ్బు తీసుకున్నట్టు కనిపిస్తే ఆమె ఉద్యోగానికి మాట వస్తుంది. వ్యానన్నకు సెప్టెంబరు 5కే ఇవ్వాలన్న కంగారు లేదు. బెంగళూరులో ఆయుధపూజకు బండి కడిగి, పూలు కట్టి, కడలెపురి, అంటే మరమరాలు, పంచుతారు. ఆ రోజు 100 ఇస్తే ఆయనకు అది మామూలు మర్యాదే. గ్రూపుకు 100, మిస్‌కి 250, ఆయమ్మకు 200, వ్యానన్నకు 100 పోగా నిప్పట్ల సరుకులకు 50 మిగులుతుంది. నూనె ఇంట్లో ఉన్నదే వాడేయండి.